ముడి పడేదాకా

నా కూతురు దర్శిని తన తల్లిని తానే చంపుకున్నానని ఏడాది పాటు నమ్మింది. ఆ మాట దాని చెవిలో వేసింది నేను. అది అబద్ధమని తెలిసినవాణ్ణి కూడా అప్పుడు నేనొక్కణ్ణే.

నా భార్య పేరు కృష్ణమ్మాళ్. పెరియకుళం దాటి కొండవైపు పోతే మామిడి తోటల నడుమ మా ఊరు. ఆమె పుట్టిల్లు దిండిగల్ పక్కన. ఆ పుట్టింటివాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఏటా ఆడి నెలలో, ఆషాఢం రోజుల్లో, ఇంటి ఆడమనిషి నాలుగు పూసల పేటలు గుచ్చుతుంది. అరవనాట తెలుగు మాట్లాడే మేము పూసను పాసి అంటాము. నేలకు ఒకటి, నీటికి ఒకటి, నిప్పుకు ఒకటి, గాలికి ఒకటి. నేల పేటకు మట్టి ఉండలు చేసి పొయ్యి బూడిదలో కాల్చుకుంటారు. నీటి పేటకు మదురైలో కొన్న నీలం గాజుపూసలు. నిప్పుకు గురివింద గింజలు, కాల్చిన సూదితో ఒక్కొక్కటీ తొలిచి. గాలికి తెల్లవి. నేల పేటను చేను మూలలో పాతిపెడతారు, నీటి పేటను బావిలో వదులుతారు, నిప్పు పేటను పొయ్యిలో వేస్తారు. గాలి పేటను కొమ్మకు కట్టి, దారం చివికి పూసలు రాలేదాకా ముట్టుకోరు. విగ్రహం లేదు. పూజారి లేడు.

నియమం మాత్రం ఉంది. మొదటి పూస దారం ఎక్కినప్పటి నుంచి చివర ముడి పడేదాకా గుచ్చే మనిషి నోరు తెరవకూడదు. ఎవరు పిలిచినా పలకకూడదు. పలికితే పేటంతా విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. పూస కింద పడితే పని ఆపి, దాన్ని తీసి కళ్ళకద్దుకుని, అప్పుడే మళ్ళీ సూది పట్టాలి.

ఏడాదికి ఒక రోజు కాబట్టి నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. ఆ రోజు అన్నం నేనే పెట్టుకునేవాణ్ణి.

దర్శినిని పోదనూరులో ఇచ్చాము. అల్లుడు కణ్ణన్‌కు రైల్వేలో పని. దర్శిని ఒక బనియన్ల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. నాలుగేళ్ళ కింద ఆడి నెలకు వచ్చినప్పుడు తల్లి గుచ్చిన పేటలను ఫోనులో ఫోటో తీసి పదిమందికి కనబడేలా పెట్టింది. ఎక్కడో చలిదేశం నుంచి ఒక తెల్లామె రాసింది. వాళ్ళది ఒక చిన్న గుంపు. చర్చికి పోరు. నేలకు, నీటికి, నిప్పుకు, గాలికి మొక్కుతారు. గుండ్రంగా నిలబడి, నాలుగు దిక్కులా నాలుగు పేటలు పెట్టుకుంటారు. మాకూ అలాంటివి గుచ్చి పంపగలరా అని అడిగింది.

"వాళ్ళకు గుడి లేదామ్మే?" అని కృష్ణమ్మాళ్ కూతుర్ని అడిగింది.

"లేదంటమ్మా. కయ్య మద్దెలో నిలబడి మొక్కుతారంట."

"అట్లైతే మనోళ్ళే," అంది కృష్ణమ్మాళ్. అంతే, ఒప్పుకుంది.

నాలుగు పేటల సెట్టు ఒకటి పోయింది. తరవాత నాలుగు. తరవాత పన్నెండు. పోదనూరులో దర్శిని చుట్టుపక్కల ఆడవాళ్ళను నలుగురిని కూడగట్టి నేల పేటలు, గాలి పేటలు వాళ్ళచేత గుచ్చించేది. నీటి పేటలకూ నిప్పు పేటలకూ పూసలు తల్లికి పంపేది. గురివింద తొలవడం ఇంకెవరికీ చేతకాలేదు.

నాకు మండింది దేనికంటే, ఊరూ పేరూ తెలియని వాళ్ళకు గుచ్చేటప్పుడు కూడా ఆమె మౌనం పట్టేది. ఏడాదికి ఒక రోజు పోయి, వారానికి నాలుగు రోజులైంది. పిలిస్తే పలకదు. అడిగితే చెప్పదు. ఇంట్లో ఒక మనిషి ఉండి లేనట్టు.

"ఆ దొరసానికి ఏం తెలస్తాది? గబగబా గుచ్చి పంపెయ్యి," అన్నాను ఒక సాయంత్రం, ముడి వేశాక.

"ఆమెకు తెలవదు. నేలకు తెలస్తాది గదా."

"నలపై ఏండ్లు నా మాటకు ఒగ తూరి నోరు మూయలేదు. ఇప్పుడు తెల్లదానికి మూస్తుండావు."

"నువ్వూ పాసివై పుట్టింటే నీకూ మూసుందును," అని లేచి పోయింది. వంటింట్లో నవ్వుకోవడం వినబడింది. నాకు నవ్వు రాలేదు. అప్పటి నుంచి ఆమె సూది పట్టిన రోజంతా నేను కూడా మాట్లాడడం మానేశాను. ముడి పడ్డాక ఆమె మాట్లాడేది. నేను మాట్లాడేవాణ్ణి కాదు.

నిరుడు వైకాసి నెల, ఎండాకాలం చివర. వాళ్ళ దేశంలో పగలు అన్నిటికంటే పొడుగ్గా ఉండే రోజు ఒకటి వస్తుందట, ఆ రోజుకు ఇరవై ఒక్క సెట్టు కావాలన్నారు. దర్శిని పొద్దూ సాయంత్రం ఫోను చేసేది. తల్లి ఎత్తదు కాబట్టి నేను ఎత్తేవాణ్ణి.

"నైనా, అమ్మ ఎన్ని ముగించింది?"

"మీ అమ్మ తపస్సులో ఉండాది. దేవుడు ప్రత్యక్షమైతే చెప్తాను," అని పెట్టేసేవాణ్ణి.

ఒక రోజు తోటలో కాయ దించుతున్నారు. పదకొండింటికి ఆకలై ఇంటికి వచ్చాను. కృష్ణమ్మాళ్ వెనక వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒడిలో పళ్ళెం. కుడి చేయి పళ్ళెం మీద. ఎడమ చేతిలో గురివింద పేట, సూది వేలాడుతోంది.

"అన్నం," అన్నాను. చాలా రోజుల తరవాత నేనే ముందు మాట్లాడాను. కాయల బరువు మోయించి అలిసిపోయి ఉన్నాను.

పలకలేదు.

"దొరసాని పని అయినాక పెడతావా, నేనే పెట్టుకోవాల్నా?"

పలకలేదు. నేల మీద ఏడెనిమిది గురివింద గింజలు ఒలికి ఉన్నాయి. ఒకటి దొర్లి నా కాలి దాకా వచ్చింది. కృష్ణమ్మాళ్ వంగలేదు. పూసను నేల మీద వదిలేసే మనిషి కాదామె. పడితే గాబరాగా తీసి కళ్ళకద్దుకునేది. అది నేను చూశాను. చూసి, ఇప్పుడు పూసలు కూడా ఒలకబోసి నా మీద మొండితనం చూపిస్తోంది అనుకున్నాను.

కుండలోంచి అన్నం పెట్టుకుని మజ్జిగ పోసుకుని, ఆమె ఎదురుగానే కూర్చుని తిన్నాను. కావాలనే ఎదురుగా కూర్చున్నాను. చేయి కడుక్కుని తోటకు పోయాను.

నాలుగింటికి వచ్చేసరికి మా వాకిట్లో ముత్తుసెల్వి అరుస్తోంది. తోటలో పని చేసే మనిషి, మాకు రెండిళ్ళ అవతల. గోనెసంచి అడిగి పోదామని వచ్చిందట.

"అయ్యా, అక్క మూతి వంకర పోయిండాది! చెయ్యి లేవలేదు! ఎప్పుటి నుంచి ఇట్ల?"

"ఇప్పుడే," అన్నాను.

ఎందుకు అన్నానో తెలుసు. ముత్తుసెల్వి నోరు ఊరంతా తిరుగుతుంది. పెండ్లాం పడిపోతే ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు అంటారు. నా నోట ఆ మాట వచ్చేసింది. దాన్ని మళ్ళీ లోపలికి తీసుకోవడం నాకు చేతకాలేదు.

కారు దొరికింది. పెద్దాసుపత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ. మూడు సార్లు అడిగింది. ఎప్పుడు మొదలైంది, మీరు చివరిసారి ఎప్పుడు బాగా ఉండగా చూశారు, టైము సరిగ్గా చెప్పండి, మందు దాన్ని బట్టే అని. ముత్తుసెల్వి నా పక్కనే ఉంది. "నాలుగింటికి," అన్నాను. త్వరగా తెచ్చారు, మంచిది అంది డాక్టరమ్మ. రక్తం గడ్డను కరిగించే సూది ఒకటి ఉంది, కొన్ని గంటల లోపలైతేనే వేయాలి, గడువు దాటితే ఆ మందే తలలో రక్తం కార్చవచ్చు అని చెప్పి కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకుంది. సంతకం పెట్టాను.

తెల్లవారి తలలో రక్తం చిమ్మిందన్నారు. ఐదో రోజు పోయింది. ఆ ఐదు రోజుల్లో ఒక్క మాట మాట్లాడలేదు.

కాటికి పోయి వచ్చాక దర్శిని నా ముందు కూర్చుంది.

"నైనా, అమ్మ ఆ పొద్దు మద్దేనం తినిందా?"

"లేదు."

"ఏంటికి తినలేదు?"

అప్పుడు చెప్పవలసింది. ఇంటి నిండా జనం ఉన్నారు. తప్పించుకోవడానికి మాటతో దాన్నే కొట్టాను.

"నీ పాసి. నీ ఇరవైయొగ్గ సెట్టు. దినాము ఫోను చేసి ఎన్ని, ఎన్ని అంటివి. కూచున్న సోట కదలకుండా గుచ్చింది. నీ పాసే మీ అమ్మను తినింది."

దర్శిని ఏడవలేదు. సరి నైనా అని లేచి, వసారాలో మిగిలిన పూసలను డబ్బాల్లోకి ఎత్తుకుని, పదహారో నాడు పోదనూరు పోయింది.

ఏడాది నేను ఒంటరిగా వండుకు తిన్నాను. నెలకొకసారి దర్శిని ఫోను చేసి, నైనా తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగేది. ఇంకేమీ మాట్లాడేది కాదు. తల్లి సంవత్సరం తిథికి మూడు వారాలుండగా ఒక శనివారం జెబమలర్ వచ్చింది. పోదనూరులో దర్శిని పక్కింటి మనిషి, పూసలు గుచ్చే నలుగురిలో ఒకతి. నన్ను ఒకసారి చూసింది, చావు ఇంట్లో. పోదనూరు నుంచి మూడు బస్సులు మారి వచ్చింది.

"దర్శిని పంపిందా?" అన్నాను.

"అదా? నేను వచ్చిండేది తెలిస్తే నన్ను తరుముతాది అప్పా. మా పాస్టరుకు తెలిస్తే ఆయనొగడు తరుముతాడు. యేసప్ప బిడ్డ, గాలికి పాసి గుచ్చుతుండాది అని. ఇద్దరికీ దాచి వచ్చిండాను, ముందు కాఫీ ఇయ్యండి."

కాఫీ ఇచ్చాను. ఒక గుటక తాగి లోటాలోకి చూసింది.

"ఇది మీరు పెట్టిందా?"

"ఆమా, నేనే."

"పావం మీరు," అంది. తాగింది. తరవాత విషయం చెప్పింది.

దర్శిని పూసలు మానేసింది. ఆర్డర్లు తిప్పి పంపింది. మిగిలిన నలుగురూ మేము గుచ్చుకుంటాము, నువ్వు పంపించు అంటే, నా చేత్తో ఒక దారం కూడా ముట్టను అందట. అది ఒకటి. ఇంకొకటి, మధ్యాహ్నం తినడం లేదు. ఏడాదిగా. క్యారియరు తెచ్చి పక్కనామెకు ఇచ్చేస్తుంది. పోయిన వారం ప్యాకింగ్ బల్ల దగ్గర కళ్ళు తిరిగి పడితే ఆసుపత్రికి తీసుకుపోయారు. రక్తం లేదన్నారు. తినకపోతే ఇంకొకసారి లేవవు అన్నారు.

"ఏంటికి తినవే అంటే, మా అమ్మ తినలేదు గదా అంటాది. కణ్ణన్ అన్న తిట్టినాడు, కొట్టేదానికి చెయ్యి ఎత్తినాడు, కాలు పట్టుకున్నాడు. వినలేదు. అప్పా, మీరు ఒగ మాట చెప్పండి. నీ తప్పు లేదు అని."

"నేను చెప్పితే వింటుందా?"

"ఇన్ని దినాలు మీరు చెప్పిందే గదా వింటుండాది," అంది జెబమలర్.

ఆమె వెళ్ళిపోయాక ఫోను చేశాను. తేలిగ్గా తప్పించుకుందామని చూశాను.

"దర్శినీ, అమ్మ విషయం. నీ తప్పు లేదమ్మా."

"నువ్వే గదా నైనా చెప్పితివి."

"కోపంలో చెప్పితిని."

"నువ్వు కోపంలోనే నిజం చెప్తావు. బాగుండేటప్పుడు ఏం చెప్తివి మాకు?"

పెట్టేసింది. అది నిజం. దానికి సగం నిజం పనికిరాదు. మొత్తం చెప్పాలి, లేదా అది తినకుండా ఎండిపోతుంటే చూస్తూ ఉండాలి. మొత్తం చెబితే ఆ నెలకొక ఫోను కూడా ఉండదు. నాకు ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే. ఎనిమిది రోజులు ఆలోచించాను. ఎనిమిది రోజులు ఆలోచించవలసిన విషయం కాదది. తండ్రి అనేవాడు ఆ రాత్రే బస్సెక్కాలి.

తొమ్మిదో రోజు ఆదివారం. దిండిగల్‌లో బస్సు మారి, మరొకటి మారి పోదనూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. రైల్వే కాలనీ వెనక సందులో ఇల్లు. కణ్ణన్ డ్యూటీకి పోయాడు. దర్శిని ఒక్కతే బట్టలు మడతపెడుతోంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. మెడ కింద ఎముక పైకి వచ్చింది. నలభై కూడా లేవు దానికి.

"ఏంటి నైనా, చెప్పకుండా?"

"కూచో."

"నువ్వు కూచో. చక్కెర జబ్బుకు మాత్ర ఏసుకుంటివా?"

"దర్శినీ, కూచో అన్నాను."

కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"మీ అమ్మ నాలుగింటికి పడలేదు. పదకొండుకు నేను వచ్చేటప్పటికే పడిపోయిండాది. నాకు తెలవలేదు. పాసి గుచ్చుతుండాది, అందుకే పలకలేదు అనుకుంటిని. నోము పట్టిండాది అనుకుంటిని. అన్నం తిని తోటకు పోతిని."

దర్శిని చేతిలో కణ్ణన్ చొక్కా ఉంది. దాన్ని అలాగే పట్టుకుంది.

"డాక్టరుకు ఏం చెప్పితివి?"

"నాలుగింటికి అని."

"ఏంటికి?"

"సిగ్గయింది."

"ఆ సూది..." అని ఆగింది. దానికి తెలుసు. నేను సంతకం పెట్టిన కాగితం నకలును ఆసుపత్రిలో నా చేతిలో నుంచి తీసుకుని, పెట్టెలో దాచింది అదే. "గడువు దాటినాక ఏస్తే ఏమైతాదో నీకు చెప్పినారా లేదా?"

"చెప్పినారు."

"చెప్పినాక సంతకం పెడితివి."

"పెడితిని."

సందులో ఎవరో పిల్లవాడు సైకిలు గంట కొట్టుకుంటూ పోయాడు. దర్శిని చొక్కాను నేల మీద పెట్టింది.

"నైనా. ఒగటి అడుగుతాను. సత్తియంగా చెప్పు. నువ్వు తినేటప్పుడు అమ్మ నిన్ను చూసిందా?"

ఇది అడుగుతుందని నేను అనుకోలేదు. బస్సులో వంద ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకున్నాను. ఇది వాటిలో లేదు. లేదు అంటే అయిపోయేది. తెలుసుకునే దారి దానికి లేదు.

"చూసింది," అన్నాను. "నేను కుండ దగ్గరికి పోతే ఆ పక్కకు చూసింది. వచ్చి కూచుంటే ఈ పక్కకు చూసింది. నేను చెయ్యి కడుక్కునేదాకా చూస్తానే ఉండింది. మొండితనంగా చూస్తుండాది అనుకుంటిని."

దర్శిని అరవలేదు. అరిస్తే బాగుండేది. మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. వీపు కదులుతోంది. నేను దగ్గరికి పోలేదు. ఆ హక్కు నాకు లేదు.

చాలాసేపటికి తల ఎత్తింది.

"ఏడాది," అంది. "ఏడాది నన్ను నేను తింటిని. నువ్వు నెల నెలా ఫోనులో, ఆ తింటిని, ఆ మందు ఏసుకుంటిని అని చెప్తావుంటివి. నీకు అన్నం ఎట్ల దిగె నైనా?"

"దిగె," అన్నాను. అబద్ధం చెప్పడం చాలించి వచ్చాను.

లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినబడింది. నేను చెప్పులేసుకుందామని గుమ్మం దాకా పోయాను.

"చక్కెర మనిషివి. తినకుండా బస్సెక్కితే దారిలో పడతావు. అది కూడా నా నెత్తిన రాస్తారు. కూచో."

పళ్ళెం నా ముందు పెట్టింది. అన్నం, చారు, వంకాయ కూర. తను ఎదురుగా కూర్చుంది. నా చేతిని చూస్తూ కూర్చుంది. నేను ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దించాను. మళ్ళీ కలిపాను. మెతుకు మిగలకుండా తిన్నాను. వదిలి లేవడానికి నాకు ధైర్యం చాలలేదు.

చేయి కడుక్కున్నాక అంది: "తిథి ఈడనే చేస్తాను. నువ్వు రావద్దు."

"సరి."

"ఫోను కూడా చెయ్యొద్దు. నేనూ చెయ్యను."

"సరి."

బస్టాండుకు నడిచి, వచ్చిన దారినే ఊరికి పోయాను.

తిథి అయిపోయిన పది రోజులకు జెబమలర్ ఫోను చేసింది.

"అప్పా, మద్దేనం తింటుండాది. నిన్న పులుసు రెండు తూర్లు ఏయించుకునింది. తెల్లామెకు మళ్ళీ రాసింది. గురివింద తొలిచేది దానికి రాలేదు, ఇద్దరం చేతులంతా పొడుచుకుంటుండాం. మీరు ఏం చెప్పితిరో గానీ, బాగా చెప్పితిరి."

దర్శిని ఆమెకు ఏమీ చెప్పలేదని అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. నన్ను ఊరి నోట్లో వేయలేదు.

"నా మాట ఎత్తిందా?"

"ఇంకా లేదప్పా. ఎత్తుతాది. మీరు కన్నోళ్ళు గదా, కొన్ని దినాలు పోనీండి."

ఫోను పెట్టేశాను. ఒక చేని గట్టు తగాదా కోసం నా సొంత అన్నతో నేను పంతొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. ఆయన చచ్చిపోతే చూడడానికి పోలేదు. దర్శినికి ఉన్న కారణం గట్టు కంటే పెద్దది. అది నా కూతురు. ఎత్తదు.